గైడులో ఉన్న తోట

సరోజన టీచర్ ఆ ఆడపిల్లల బడికి తెలుగు చెప్పడానికి వచ్చిన కొత్తలోనే ఎనిమిదో తరగతి వాళ్ల చేత వ్యాసం రాయించింది. విషయం "మా పాఠశాల". కాగితాలు పట్టుకుని సుబేదారిలోని తన ఇంటికి వెళ్లి, సాయంత్రం దిద్దడానికి కూర్చుంది. మొదటిది చదివితే బాగానే ఉందనిపించింది. రెండోదీ అదే. మూడోదీ అదే. "మా పాఠశాల మిక్కిలి సుందరమైనది. పాఠశాల ముందు చక్కని పూలతోట కలదు. అందు గులాబీలు, మల్లెలు, చేమంతులు విరగబూయుచుండును." ఒక పిల్ల 'విరగబూయుచుండును'లో ఒక అక్షరం తప్పు రాస్తే, పక్కన కూర్చునే పిల్ల కూడా అదే అక్షరం దగ్గర అదే తప్పు రాసింది.

మర్నాడు క్లాసుకు వెళ్లి కిటికీ దగ్గర నిలబడింది. బయట ఎర్రటి మొరం నేల. జెండా కర్ర. ఎప్పుడో కట్టాలనుకుని మానేసిన గది కోసం తెచ్చిపోసిన కంకర కుప్ప. అంతకు మించి గడ్డిపోచ కూడా లేదు.

"తోట ఎక్కడుంది?" అని అడిగింది.

పిల్లలు తలలు వంచుకున్నారు. కొట్టడానికే అడుగుతోందనుకున్నారు. మూడో బెంచీలో ఒక పిల్ల మాత్రం లేచింది. సన్నగా, నల్లగా, జడలు బిగించి కట్టుకుని ఉంది.

"గైడుల ఉన్నది టీచర్," అంది.

ఆ పిల్ల పేరు అనసూర్య. రిజిస్టర్లో మాత్రం అనసూయ అని ఉంది. బడిలో చేర్చేటప్పుడు హెడ్మాస్టర్ సారంగపాణి గారే దిద్దారట, అనసూర్య అనేది తప్పు, అనసూయ అనాలని. ఇంట్లో, వాడలో ఎవరూ అలా పిలవరు. హాజరు పలికేటప్పుడు తప్ప ఆ పేరు తనదని ఆ పిల్లకు కూడా గుర్తుండదు.

అది పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిది. వరంగల్‌లో మగ్గాల వాడ మధ్యన ఉండేది ఆ బడి. ఒక పక్క ఇళ్లలో జంపఖానాలు నేసే చేతిమగ్గాలు, ఇంకో పక్క కొత్తగా వచ్చిన కరెంటు మగ్గాలు, సాంచలు. సాంచలు నడుస్తుంటే టీచర్లు గొంతు పెంచి పాఠం చెప్పాల్సి వచ్చేది. చదివే పిల్లలంతా ఆ ఇళ్ల వాళ్లే. ఇంటికి పోగానే నూలు కండెలు చుట్టే పిల్లలు.

సరోజన పుట్టింటి వాళ్లది హనుమకొండ చౌరస్తాలో బట్టల దుకాణం. ఒక చీర కొనడానికి వచ్చిన ఆడమనిషి దాని వెనుక ఎంత కథ చెప్తుందో ఆమె చిన్నప్పటి నుంచీ విన్నది. అన్ని మాటలున్న మనుషుల పిల్లలు కాగితం ముందుకు రాగానే మూగబోవడం ఆమెకు మింగుడు పడలేదు. ఆ రోజు గైడులన్నీ సంచుల్లో పెట్టించింది. నిన్న బడి నుంచి ఇంటికి పోతూ చూసింది ఒక్కటి, ఒకే ఒక్కటి రాయమంది.

పిల్లలు రాయలేదు. చూసింది రాయడమేమిటో వాళ్లకు తెలియలేదు. ఒకరిద్దరు "సూర్యుడు అస్తమించుచుండెను" అని రాశారు. సరోజన ఆ వాక్యం పైకి చదివి, నువ్వు నిజంగా చూశావా అని అడిగింది. లేదు టీచర్, మా ఇంటి ముందు సాంచల షెడ్డు అడ్డం ఉంటది అంది ఆ పిల్ల. మరైతే షెడ్డు గురించి రాయమంది సరోజన. ఏం రాయాలి అని అడిగింది పిల్ల. షెడ్డు ఎప్పుడైనా నిన్ను ఆశ్చర్యపెట్టిందా అంది. పిల్ల ఆలోచించి, నోటితో చెప్పింది. ఇప్పుడు ఏ మాటలతో చెప్పావో ఆ మాటలతోనే రాయమంది సరోజన. అలా వచ్చింది ఆ క్లాసులో మొదటి వాక్యం: "కరంటు పోతే మా వాడంత ఒక్కసారి నోరు మూసుకుంటది."

ఆ వాక్యాన్ని సరోజన బోర్డు మీద రాసి, చేతులు దులుపుకుని, వెనక్కి జరిగి చూసింది. పిల్లలూ చూశారు. వాళ్లు మాట్లాడే మాట బోర్డు మీద ఉండటం వాళ్లకు అదే మొదటిసారి. కొందరు సిగ్గుపడి నవ్వారు.

అప్పటి నుంచి వారంలో ఒక పీరియడు ఈ పనికే పెట్టుకుంది. ముందు చెప్పించేది, తర్వాత రాయించేది. తప్పులు వస్తాయేమోనని భయపడే వాళ్లకు, తప్పులు నేను తర్వాత చూస్తాను, ముందు నువ్వు ఆపకుండా రాయి అనేది. రాసింది పైకి చదివించేది. విన్నవాళ్లు బాగుందనో బాగాలేదనో అనకూడదు. తమకేం కనబడిందో చెప్పాలి, ఏం కనబడలేదో అడగాలి. "మా నాయనమ్మ ముసలిది" అని ఒక పిల్ల రాస్తే, మాకు కనబడలేదు అన్నారు మిగతావాళ్లు. ఆ పిల్ల ఉడుక్కుని మళ్లీ రాసింది: "మా నాయనమ్మకు కండ్లు కనవడయి. అయినా ఆమె సుట్టిన కండె మీద దారం తెగది." ఈసారి అందరికీ కనబడింది. ఇంకో పిల్ల తన ఇంట్లో మగ్గం గుంతలో వాన రాకముందే అరిచే కప్ప గురించి రాసింది.

కొన్నాళ్లకు వాడలో సంగతి పాకింది. కొత్త టీచరమ్మ గైడు ముట్టనిస్తలేదట, ఇంట్లో మాట్లాడే మాటలే రాయిస్తాందట అని. ఒకరోజు అనసూర్య తండ్రి లక్ష్మీనర్సయ్య బడికి వచ్చాడు. జంపఖానాలు నేస్తాడు. చేతులు కట్టుకుని, మర్యాదగానే అడిగాడు.

"టీచరమ్మా, బిడ్డ ఇంటికాడ మాట్లాడిందే బడిల రాస్తే, ఇగ బడికి తోలుడెందుకు?"

సరోజన ఆయన్ను వెనుక బెంచీలో జర కూర్చుని వినమంది. ఆయన ఆ చిన్న బెంచీలో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. ఆ రోజు అనసూర్య చదవాల్సింది తండ్రి గురించే. తండ్రి ఎదురుగానే చదివింది: "మా బాపు మగ్గం మీద ఉన్నప్పుడు పిలిస్తే పలుకడు. దిగినంక, పిలిచినవా బిడ్డా అని అడుగుతడు. అప్పటికి నేను చెప్పాల్సింది మర్చిపోత."

లక్ష్మీనర్సయ్య లేచి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం మగ్గం మీద ఉండగా కూతురు పిలిస్తే పలికాడు. పోగు తెగింది, అయినా పలికాడు.

హెడ్మాస్టర్ సారంగపాణి గారిని ఒప్పించడం అంత తేలిక కాలేదు. ఆయన చెడ్డమనిషి కాడు. ఎండకైనా వానకైనా హసన్‌పర్తి నుంచి సైకిల్ మీద అందరికంటే ముందే బడికి వచ్చేవాడు. పదో తరగతి పిల్లలకు సెలవుల్లో కూడా ఊరికే పాఠం చెప్పేవాడు. పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడేవాడు, ఇంట్లో కూడా అలాగే మాట్లాడతాడని అనుకునేవాళ్లు. సరోజనను గదిలోకి పిలిచి, పరీక్ష దిద్దేవాళ్లు ఈ భాషకు సున్నా వేస్తారని, పిల్లల భవిష్యత్తుతో ప్రయోగాలు వద్దని చెప్పాడు. సరోజన, పుస్తక భాష కూడా నేర్పుతున్నానని, కాని చెప్పడానికి తమ దగ్గర ఏదో ఉందని ముందు పిల్లలకు తెలియాలని చెప్పింది.

ఆయన బల్ల మీది పేపర్ వెయిట్ తిప్పాడు.

"నేనూ మా ఇంటి మాటలతోనే కాలేజీకి వెళ్లాను," అన్నాడు. "లేచి నిలబడి ఒక్క ప్రశ్న అడిగాను. క్లాసంతా నవ్వింది. లెక్చరర్ కూడా. ఆ రోజు నుంచి పుస్తకంలో లేని మాట నా నోట రాలేదు. అట్ల బతికిన. ఈ పిల్లలు కూడా అట్లనే బతుకుతరు."

చివర్లో తనకు తెలియకుండానే మాట మారిందని గ్రహించి ఆయన తల తిప్పుకున్నాడు. సరోజన మెల్లగానే అంది.

"మిమ్మల్ని చూసి నవ్విండ్రు సార్. తప్పు నవ్వినోళ్లది. మీరు మాట మార్చుకున్నరు. నా పిల్లల్ని మాత్రం నేను మార్చుకొమ్మనను."

ఆయన వెళ్లమన్నాడు. ఆమె వెళ్లి పాఠం చెప్పుకుంది. పద్ధతి మాత్రం మార్చలేదు.

దసరా సెలవుల తర్వాత ఆమె పిల్లలకు కొత్త పని చెప్పింది. ఇన్నాళ్లూ చూసింది రాశారు. ఇప్పుడు అబద్ధం చెప్పండి, కాని నేను నమ్మాలి అంది. పిల్లలకు ఇది బాగా నచ్చింది. ఒక పిల్ల మా ఇంట్లో ఏనుగు ఉంది అంది. ఎక్కడ పడుకుంటది, ఏం తింటది, వాకిట్లోంచి ఎట్లా దూరింది అని క్లాసంతా అడిగింది. పిల్ల ఒక్కోదానికి జవాబు వెతుక్కుంది. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటుందని, బాపు లేనప్పుడు అదే నేస్తుందని, తొండంతో పోగుల మధ్య నాడె విసురుతుందని చెప్పింది. పీరియడు అయ్యేసరికి ఆ ఏనుగు అందరికీ తెలిసిన ఏనుగు అయింది.

అనసూర్య ఆ రోజు ఏమీ చెప్పలేదు. మళ్లీ వారం ఒక కాగితం తెచ్చింది. పైన "గైడుల తోట" అని రాసి ఉంది. లేచి నిలబడి చదివింది.

"మా బడిల తోట ఉన్నదని గైడుల ఉన్నది. అచ్చయిన మాట అబద్ధం కాదని అందరంటరు. అందుకని ఒక పిల్ల తోటను దేవులాడవోయింది. ముందుగాల అటెండర్ రాయమల్లును అడిగింది. నేను గంట కొట్టేటోన్ని, నాకేమెరుక, సార్లను అడుగు అన్నడు. లెక్కల సారును అడిగింది. సిలబస్‌ల లేదు అన్నడు. సైన్సు టీచర్‌ను అడిగింది. తోట ఉంటే వాసన రావాలె, వాసన పట్టుకుంట పో అన్నది. పిల్ల వాసన పట్టుకుంట బడి ఎనుకకు పోయింది. వాసన వచ్చింది కని మల్లెపూలది కాదు.

"ఆడ సర్కారు తుమ్మలున్నయి. తుమ్మల సాటుకు ఆడివిల్లలు కూసున్నరు. ఒక పిల్ల నిలవడి కావలి కాస్తాంది. గైడుల తోట ఇదేనా అని పిల్ల అడిగింది. ఔ, గిదే అన్నది కావలి పిల్ల. మేమే పూలం. రోడ్డు మీదికెల్లి మొగోళ్లు పోతాంటే ముడుసుకుంటం. ఎవ్వలు లేనప్పుడు ఇచ్చుకుంటం. మరి మీకు నీళ్లు ఎవలు పోస్తరు అని పిల్ల అడిగింది. మాకు నీళ్లు పొయ్యద్దు, నీళ్లు తాగితే మల్ల ఈడికే రావాలె. అందుకే పొద్దుగాల్నుంచి ఒక్క చుక్క తాగం. నీళ్లు లేకుంట బతికే తోట దునియాల మా బడిల్నే ఉన్నది అన్నది.

"పిల్ల గైడు తెరిసింది. తోట అన్న మాట పక్కకు పెన్సిల్‌తోని, బడి ఎనుక, తుమ్మల సాటుకు, అని రాసింది. ఎవలన్న దేవులాడుకుంట వస్తే తొవ్వ దొరకాలె కద."

రాయమల్లు దగ్గర, లెక్కల సారు దగ్గర పిల్లలు పడిపడి నవ్వారు. కావలి పిల్ల మాట్లాడటం మొదలయ్యాక నవ్వు ఆగిపోయింది. చదవడం అయ్యాక ఎవరూ ఏం కనబడిందో చెప్పలేదు. అందరికీ అది రోజూ కనబడేదే. టీచర్లు ఒంటికి పోవడానికి హెడ్మాస్టర్ గది వెనుక ఒక తడికెల చాటు ఉంది. సరోజన అదే వాడుతోంది. పిల్లలు ఎక్కడికి పోతున్నారని ఎన్నడూ అడగలేదు.

వరండాలో విరిగిన నల్లబల్ల ఒకటి గోడకు ఆనించి ఉండేది. పిల్లల రాతలు నెలకోసారి దాని మీద అంటించేది సరోజన. అనసూర్య కథ కూడా అంటించింది, కింద అనసూర్య అనే పేరుతోనే. రెండు రోజుల పాటు విరామం గంట కొట్టగానే అక్కడ పిల్లలు గుంపు కట్టారు. ఇతర తరగతుల వాళ్లు కూడా వచ్చి చదివారు. కొందరికి మాట మాట నోటికొచ్చేసింది. ఏళ్ల తరబడి గైడు బట్టీ పట్టిన బుర్రలు మరి.

మూడో రోజు సారంగపాణి గారు చూశాడు. పైనుంచి ఇన్‌స్పెక్షన్ వస్తోందని అప్పటికే కబురు అందింది. కథ చింపలేదు. జాగ్రత్తగా ఊడదీసి, మడిచి, తన బల్ల సొరుగులో పెట్టాడు. అనసూర్యను పిలిచి, ఆ ఖాళీలో "మా పాఠశాల" వ్యాసం శుభ్రంగా రాసి అంటించమన్నాడు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చే ఆఫీసర్ అదే చూడాలి.

సరోజన ఆయన గదికి వెళ్లి, కథ తీయడానికి తాను ఒప్పుకోనని చెప్పింది. ఆయనకు కోపం వచ్చింది. లెట్రిన్ కోసం నేను అడగలేదనుకుంటున్నారా అన్నాడు. ఈ బడికి వచ్చినప్పటి నుంచి అడుగుతున్నాడట. వినయపూర్వకంగా విన్నవించుకొనునది ఏమనగా అని ప్రతి ఏడూ రాస్తున్నాడట. పరిశీలనలో ఉన్నదని ప్రతి ఏడూ జవాబు వస్తోందట.

"మీరు గైడు రాసినట్టు రాసిండ్రు సార్," అంది సరోజన. "ఆ పిల్ల రాసినట్టు రాస్తే, చదివినోనికి రాత్రి నిద్ర పట్టకపోయేది."

మరుసటి రోజు అనసూర్య వ్యాసం రాసి తెచ్చింది. ముత్యాల్లాంటి అక్షరాలు, ఒక్క తప్పు లేదు. గులాబీలు, మల్లెలు, చేమంతులు అన్నీ విరగబూశాయి. అడుగున మాత్రం "ఇట్లు, గైడు" అని ఉంది. సారంగపాణి గారు అది కొట్టేసి నీ పేరు రాయి, అనసూయ అని రాయి అన్నాడు.

అనసూర్య చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది.

"ఇది నేను రాయలే సార్. నేను రాసినదానికే నా పేరు పెట్టుకుంట."

ఆయన బెత్తం వైపు చూశాడు. తీయలేదు. ఆడపిల్లను కొట్టడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. రెట్టించి అడిగాడు, అదే జవాబు వచ్చింది. చివరికి చిన్న అక్షరాలే కదా, ఎవరు చూస్తారులే అనుకుని అలాగే అంటించమన్నాడు.

ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన ఆఫీసర్ చూశాడు. బల్ల ముందు ఆగి, దస్తూరి మెచ్చుకుని, కిందికి వచ్చేసరికి నవ్వాడు. గైడు అనే పేరుగల బాలిక ఎవరు అని అడిగాడు. ఎనిమిదో తరగతిలోకి వెళ్లి అదే ప్రశ్న వేశాడు. అనసూర్య లేచి, అది నా దస్తూరి సార్, నా రాత కాదు అంది. మరి నీ రాత ఏది అన్నాడాయన, ఇంకా నవ్వుతూనే. హెడ్మాస్టర్ సారు సొరుగుల ఉంది సార్, కాని నాకు నోటికొచ్చు అంది.

ఆయన చెప్పమన్నాడు. అనసూర్య చెప్పింది. క్లాసులో సాంచల చప్పుడు, ఆ పిల్ల గొంతు తప్ప ఇంకేమీ లేవు. నీళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆమెకు మాట తట్టలేదు. పక్క పిల్ల అందించింది. ఇంకో వాక్యం దగ్గర మళ్లీ ఆగింది. ఈసారి వెనుక బెంచీ నుంచి వచ్చింది మాట. ముగించి, ఎవరూ కూర్చోమనకుండానే కూర్చుంది.

ఆఫీసర్ ముఖంలో నవ్వు లేదు. ఇది కల్పించినదా, నిజమా అని హెడ్మాస్టర్ వైపు తిరిగాడు. సారంగపాణి గారు చొక్కా జేబులో కలం సర్దుకోవడం పిల్లలంతా చూశారు.

"నిజమే సార్," అన్నాడు. "పిల్ల చెప్పిన మాటల ఒక్కటి కూడా అబద్ధం లేదు. నేను శానా ఏండ్ల సంది రాస్తాన్న."

వసతుల సంగతి పైవాళ్లు చూసుకుంటారని, దాన్ని పిల్లల నోట పలికించడం మాత్రం క్రమశిక్షణ కాదని ఆఫీసర్ అన్నాడు. వీళ్లకు ఇది నేర్పింది ఎవరని అడిగాడు. తలుపు దగ్గర ఉన్న సరోజన ముందుకు వచ్చింది.

"రాయుడు నేను నేర్పిన సార్. ఏం రాయాల్నో నేర్పలే. అది వాళ్లకు ముందే ఎరుక."

ఆయన ఏదో రాసుకుని జీపెక్కి వెళ్లిపోయాడు. బడి వెనక్కి వెళ్లి చూడలేదు. సారంగపాణి గారు తన గదిలోకి వెళ్లి సొరుగు తెరిచి, ఆ కాగితం తెచ్చి అనసూర్య చేతిలో పెట్టాడు. అంటించుకో అని మాత్రం అన్నాడు. వ్యాసం ఊడదీసి అనసూర్య దాన్ని ఎక్కడ ఉండేదో అక్కడే అంటించింది.

ఆ వారంలో ఆ కథ పిల్లలతో పాటు ఇళ్లకు చేరింది. అనసూర్య తల్లి యాకమ్మ కండెలు చుడుతూ కూతురి నోట విన్నది. చుట్టడం ఆపింది. ఏడాదిగా పిల్ల పొత్తికడుపు నొప్పి అంటుంటే, మంట అంటుంటే, వేడి చేసిందని సబ్జా గింజలు నానబెట్టి తాగిస్తోంది. దవాఖానకు కూడా ఒకసారి తీసుకుపోయింది. నీళ్లు బాగా తాగాలన్నారు. తాగుతున్నావా అంటే తాగుతున్నా అనేది పిల్ల. ఇంతకాలం నాకెందుకు చెప్పలేదని అడిగితే, ఎట్ల చెప్పాల్నో తెల్వలే అవ్వా అంది.

సోమవారం పొద్దున బడి గంట కొట్టకముందే వాడ ఆడవాళ్లు వచ్చారు. నెత్తిన తడికెలు, వాసాలు. వెనుక లక్ష్మీనర్సయ్య, ఇంకొందరు మగవాళ్లు పారలు పట్టుకుని. సారంగపాణి గారు ఎదురెళ్లి, ఇది సర్కారు స్థలం, పర్మిషన్ లేకుండా ఏమీ కట్టకూడదని చెప్పాడు. యాకమ్మ నెత్తి మీది తడికె దించలేదు.

"పర్మిషన్ ఎవలిది సారూ? కూసునేది మా పిల్లలు. పై నుంచి కాయితం వచ్చేదాక వాళ్లను బిగవట్టుకొమ్మంటవా?"

ఆయన రాయమల్లును పిలిచి గడ్డపార తెచ్చి ఇవ్వమన్నాడు. నేల గట్టిది, ఊరికే దిగదని వాళ్లకు చెప్పాడు. మధ్యాహ్నానికి తుమ్మలు కొట్టేసి, గుంతలు తవ్వి, నాలుగు దిక్కులా తడికెలు కట్టారు. తలుపుకు ఒక పాత జంపఖానా వేలాడదీశారు. ఆడవాళ్లు రెండు పెద్ద కుండల్లాంటి గోలేలకు నీళ్లు మోసి నింపారు. ఆ రోజు పిల్లలు మధ్యాహ్నం అన్నం తిని కడుపునిండా నీళ్లు తాగారు. పక్కా గది చాలా కాలానికి మంజూరైంది.

సరోజనకు మాత్రం కాగితం త్వరగానే వచ్చింది. ఏటూరునాగారం అవతల అడవిలో ఉన్న బడికి, ఏడాది మధ్యలోనే బదిలీ. భర్త వెంకటరాజం సర్కారు ఆఫీసులో గుమస్తా. తెలిసినవాళ్లున్నారు, కలిసి బతిమాలితే ఆగుతుందన్నాడు. ఏమని బతిమాలాలి అని ఆమె అడిగింది. తెలియక చేసింది, ఇంకోసారి చేయదు అంటే సరిపోతుందన్నాడు.

"తెలిసే చేసిన," అంది సరోజన. "మల్ల చేస్త. ఆ అబద్ధం నువ్వు చెప్పకు."

ఆదివారం ఆమె ట్రంకు పెట్టె అతనే మోసుకుని బస్టాండుకు వచ్చాడు.

అంతకు ముందు, చివరి పీరియడులో పిల్లలు ఏడ్చారు. ఇగ మా రాతలు ఎవలు వింటరు అని అడిగారు. నాకు వినిపించడానికి రాశారా ఇన్నాళ్లూ అని ఆమె కొంచెం కోపంగానే అడిగింది. ఒకరికొకరు చదువుకొమ్మంది. కనబడలేదు అని చెప్పడానికి మొహమాటపడొద్దంది. సారంగపాణి గారు గేటు దాకా వచ్చాడు. జాగ్రత్తగా వెళ్లమని మాత్రం అన్నాడు.

ఆమె తర్వాత వచ్చిన తెలుగు సారు గైడు తెరిచి వ్యాసాలు చెప్పి రాయించాడు. పిల్లలు క్లాసులో ఆయన చెప్పింది రాసుకున్నారు. వరండాలోని నల్లబల్ల మీద మాత్రం తమది రాసుకున్నారు. తీసేయమని సారంగపాణి గారు అనలేదు. వాన జల్లు పడకుండా రాయమల్లు చేత దాని పైన రేకు ముక్క కొట్టించాడు.

సరోజన ఎండాకాలం సెలవులకు సుబేదారి వచ్చినప్పుడల్లా ఒకరో ఇద్దరో వచ్చి కలిసేవాళ్లు. ఎనభై రెండులో పదో తరగతి ఫలితాలు వచ్చాక అనసూర్య తండ్రితో కలిసి వచ్చింది. పాసయింది. తెలుగులో మాత్రం తక్కువ వచ్చాయి, గైడు చూసి రాసిన పిల్లల కంటే బాగా తక్కువ. పరీక్షలో వర్షాకాలం గురించి అడిగారట. అనసూర్య తమ ఇంటి పెంకుల్లోంచి మగ్గం మీద పడే చుక్కల గురించి రాసిందట, తల్లిదండ్రులు మగ్గం మీది పడుగు పోగులు తడవకుండా గొంగడి పట్టుకుని తెల్లారే దాకా నిలబడటం గురించి. సరోజన ముఖం చిన్నబోయింది. మార్కులు పోయినందుకు బాధగా ఉందా అని అడిగింది. ఉందని ఒప్పుకుంది అనసూర్య. మళ్లీ అదే ప్రశ్న వస్తే ఏం రాస్తావు అంది. చుక్కలే రాస్త, ఇంకింత మంచిగ రాస్త అంది.

లక్ష్మీనర్సయ్య చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఫికర్ చేయకు టీచరమ్మా. తక్కువనే వచ్చినయి గని, అన్నీ దానియే."

తర్వాత అనసూర్య ఏటూరునాగారం పిల్లల గురించి అడిగింది. వాళ్లు ఏం రాస్తున్నారని. ఇంకా రాయడం లేదంది సరోజన. ఆ పిల్లలు ఇంట్లో మాట్లాడేది కోయ మాట, పుస్తకాల్లో ఉన్నది ఆమెకు వచ్చిన తెలుగు. అక్కడి హెడ్మాస్టర్ మొదటి రోజే, నీ సంగతి విన్నాము, ఇక్కడ అలాంటివి నడవవు అన్నాడట. మంచిది సార్ అని క్లాసుకు పోయి, గైడులు మూయించి, మీరు వచ్చిన తొవ్వ గురించి చెప్పండి అని అడిగిందట. పిల్లలు వాళ్ల మాటలోనే చెప్పారు. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అప్పటి నుంచి తానే వాళ్ల దగ్గర ఆ మాట నేర్చుకుంటోంది. వచ్చే ఏటికి కొందరు రాస్తారు అంది.

వాళ్లు చెప్పిన కథల్లో ఒకటి చెప్పమని అడిగింది అనసూర్య. సరోజన గుర్తు చేసుకుని, వాగు దాటుతూ ఒక ఎలుగుబంటికి ఎదురుపడ్డ పిల్ల కథ మొదలుపెట్టింది. మధ్యలో ఒక కోయ మాట దగ్గర ఆగింది. దాని అర్థం నాకు కూడా ఇంకా సరిగా తెల్వది అని చెప్పి, ఆ మాటను ఆ పిల్ల పలికినట్టే పలికి, కథ సాగించింది.